మా రేకు తొట్టి మూడూళ్ల ప్రయాణము

బడిపంతులుగారి యింటికి స్థిరమైన పెరడు లేదు. ఏ యూర నెన్నేండ్లుందుమో, ఏ యింటి యజమాని యెప్పుడు తాళపుచెవి యిమ్మనునో తెలియదు. నేలలో నాటిన చెట్టును వెంట దీసికొని పోలేము గదా! ధర్మవరమున మేము పెంచిన కరివేపచెట్టు నీడను నేడెవరో కూర్చుండి బియ్యమేరుకొనుచుందురు. వారికి మేలగుగాక. కాని యొక మల్లెతీగను మాత్రము మేము విడిచి రాలేకపోతిమి. అది ధర్మవరము నుండి పెనుకొండకును, పెనుకొండ నుండి హిందూపురమునకును మాతోడ వచ్చినది. దానికి మూడూళ్లలోను ఇల్లు ఒక్కటే: ఒకప్పుడు గేదె నీళ్లు త్రాగిన రేకు తొట్టి.

ఈ మూడూళ్లును శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. 2022 ఏప్రిలులో ఈ జిల్లా యేర్పడువరకు అనంతపురము జిల్లాలో నుండెడివి. ఈ సీమ సంగతి యెరుగని సోదరీమణులు తక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియు వచ్చిన వచ్చినట్లు, లేకున్న లేనట్లు. బియ్యము కడిగిన నీళ్లు పశువునకు, గిన్నెలు తొలిచిన నీళ్లు అరటికి, కాళ్లు కడిగిన నీళ్లు కరివేపకు పోవలసినదే. అట్టి చోట నీటిని నిలువజేయుటను గూర్చి యెవరేమి చెప్పినను వినువారుందురు. నీటిని బయటికి పోనిండని చెప్పినచో మతి చెడినదందురు. మమ్ములను అట్లే యనిరి. ముందుగా ననినది మా యత్తగారు.

తొట్టి ఆమెది. ధర్మవరమునకు దాపుననున్న పల్లెలో మా మామగారికి వేరుశనగ చేను, ఒక గేదె యుండెడివి. పాత రాతి గాబు పగిలినప్పుడు ఆయన జింకు పూత పెట్టిన ఈ యినుప తొట్టిని కొనిరి. అడ్డముగా మూడడుగులు, ఎత్తు అడుగున్నర. 2018వ సంవత్సరపు కరవులో మేత దొరకక గేదెను అమ్మివేసిరి. మరుసటి యేట మామగారు పోయిరి. ఇల్లును, చేనును అప్పులకు సరిపోయినవి. అత్తగారు మా యింటికి వచ్చునాడు ఆటోలో తెచ్చుకొన్నవి రెండు: ఈ తొట్టి, మామగారు వాకిట పెంచిన మల్లెతీగ అంటు. తొట్టియెందుకని ఆటోవాడు అడిగినాడట. "నీకెందుకు నాయనా, తోలు" అన్నదట ఆమె.

మా నాయనగారు మాకు ఇంటియొద్దనే అమరము చెప్పిరి. అందు వారివర్గములో బావి చెంత పశువులు నీరు త్రాగుటకై కట్టిన తొట్టికి ఆహావము, నిపానము అని పేళ్లు. కొద్ది శ్లోకముల యెడముతో ఆ వర్గమందే చెట్టుమొదటి పాదునకు ఆలవాలము అని పేరు. చిన్ననాడు వల్లె వేయునప్పుడు ఈ రెంటికిని నడుమ నింత దూరమున్నదని మే మెరుగము. నిపానమును ఆలవాలముగా మార్చుటకు మాకు రెండేండ్లును, ఒక తీగ ప్రాణమును పట్టినవి.

తొట్టి గట్టిదని చెప్పనక్కరలేదు. యశదమును, అనగా జింకును, 450 డిగ్రీల వేడిలో కరగించి అందు ఇనుమును ముంచి తీసిన పూత యిది. ఈ పద్ధతికి 1837లో సోరెలు అను ఫ్రెంచి యింజనీరు పేటెంటు తీసికొనెను. యశదమును ఖనిజము నుండి వేరుచేయు విద్య మాత్రము మన దేశమున కెప్పుడో తెలిసినదే. రాజస్థానమందలి జావరు గనుల యొద్ద ఆనాటి మట్టి మూసలు గుట్టలుగా దొరికినవి. రసరత్నసముచ్చయములో ఆ విధానము వ్రాయబడియున్నది. జింకు తాను ముందు అరిగి క్రింది యినుమును కాపాడును. పులుపు తగిలిన త్వరగా కరగును గనుకనే చింతపండు చారును, మజ్జిగను జింకు పాత్రలో నుంచరాదందురు. మట్టిలో నట్టి పులుపు తక్కువ. పైగా మన నేలల్లో జింకు చాలక రైతులు జింకు సల్ఫేటు కొని చల్లుచున్నారు. పూలమొక్కలకు ఈ పూత వలన భయము లేదు. ఆకుకూరల విషయమున మేము కొంచెము వెనుకాడుదుము. పాత పూతలలో సీసము కలిసియుండుట కలదు. ఎప్పటిదో తెలియని తొట్టిలో పసిపిల్లలు తిను కూర పెంచుట మాకిష్టము లేదు.

2021 వేసవిలో ధర్మవరపు ఇంట తీగను తొట్టిలో నాటవలెనని తలచితిమి. మావారు అడుగున చిల్లులు వేయింతుమనిరి. అత్తగారు తొట్టి ముందు కూర్చుండి చేయి అడ్డము పెట్టినది.

"చిల్లు పెడితే ఇంగ అది తొట్టి యెట్లయితాది నాయనా? బోకి గదా! గుక్కెడు నీళ్లకు గేదెను అమ్ముకొన్నోళ్లము. నీళ్లు కారిపోయేదానికి మీరే దోవ సేస్తారా?"

మావారు తల వంచుకొనిరి. ఆమె దుఃఖము నీటిని గూర్చి మాత్రమే కాదని మాకు తెలియును. అందుచేత నందరును చెప్పు ఉపాయమునే చేసితిమి. అడుగున ఆరంగుళముల మందమున కంకర పోసి, దానిపై మట్టి నింపి, తీగ నాటితిమి. మిగులు నీరు కంకరలోనికి దిగి అక్కడ నుండునని, వేళ్లకు తగులదని మా నమ్మకము. వేసవియంతయు తీగ చక్కగా సాగినది. మేమే తెలివైనవారమనుకొంటిమి.

ఆ నవంబరులో వచ్చిన వానలు ఈ సీమవారెవరును మరువరు. చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలములో నది నడుమ చిక్కుకొన్నవారిని వాయుసేన హెలికాప్టరు వచ్చి రక్షించినది. ధర్మవరములో మా వీధియంతయు నేతపని వారిది. పట్టుచీర నేయువారు గుంత మగ్గములో కాళ్లు దించి కూర్చుండి నేయుదురు. ముసురు పట్టిన నాళ్లలో ఆ గుంతలలోనికి నేల నుండి ఊట వచ్చును. పడుగు తడిసినచో అంతవరకు చేసిన పని పోయినట్లే. మా పొరుగింటి యామె చెంబుతో గుంతలోని నీళ్లు తోడుచు, కన్నీళ్లు తుడుచుకొనుచుండగా మేమును చేదుడు బకెట్టుతో సాయము చేసితిమి. ఇంటికి వచ్చి చూడగా మా తొట్టి అంచు దాక నీళ్లు. మట్టి వంచలేము, తడిసిన మట్టితో నా తొట్టి అరటన్నుకు తక్కువ లేదు. గిన్నెతో పైనీరు తోడితిమి. అడుగు నీరు అట్లే నిలిచినది. పది దినములకు ఆకులు పసుపెక్కినవి. నీరు చాలలేదేమో యని అత్తగారు మరి కొంచెము పోసినది! చూచువారికి వేరు కుళ్లుటయు దప్పియు నొక్కలాగే కనబడును. అదియే యిందలి మోసము. తీగను పెరికి చూచిన వేళ్లు నల్లబడి, చేతిలో పొట్టూడి వచ్చినవి. మురుగు వాసన.

ఆమె ఆనాడు ఏమియు ననలేదు. అన్నము తినలేదు.

మొక్కకు వేళ్లతో త్రాగుట యొక్కటే కాక ఊపిరి పీల్చుటయు గలదని బడిపుస్తకములలో నున్నది. మట్టి రేణువుల నడుమ సందులన్నియు నీటితో నిండిన గాలికి చోటుండదు. కంకర యేల సాయపడలేదో మాత్రము మాకప్పుడు తెలియలేదు. తరువాత నొకనాడు చీర యారవేయుచుండగా తెలిసినది. తడిచీరను దండెముపై వేసినప్పుడు పైభాగము త్వరగా నారును. క్రింది అంచు మాత్రము నీరు పట్టుకొని యుండును. బొట్లు రాలుట మానిన తరువాతను అది చేతికి తడిగానే తగులును. తొట్టిలోని మట్టియు నంతే. రంధ్రములున్నను అడుగున కొన్ని యంగుళముల మట్టి నీటిని పట్టుకొనియే యుండును. సన్నని మట్టి తనలోని నీటిని క్రిందనున్న పెద్ద సందుల కంకరలోనికి సులభముగా విడువదు. తాను పూర్తిగా నానిన పిదప గాని దించదు. కావున కంకర వేసినచో ఆ తడియంచు కంకరపైకి ఎగబ్రాకి, వేళ్లకు మరింత దగ్గరగును. పొడవు చీర కట్టవలసినచోట పొట్టి చీర కట్టినట్లు, మట్టి లోతును మనమే తగ్గించుకొందుము. రంధ్రములు లేని తొట్టిలో నయితే అది వట్టి మురుగుగుంత. మూత లేకున్న దోమలకు పుట్టినిల్లు. ఎంతోమంది పెద్దలు చెప్పు మాటయైనను, కంకర పొరను గూర్చి మేమిక నెవరి మాటయు వినము.

తీగ వంశము నిలిచినది పొరుగింటి యామె చలువ వలన. అంతకు మునుపు వేసవిలోనే ఆమెకు మేమొక కొమ్మ ఇచ్చి యుంటిమి. ఆమె దానిని పగిలిన కుండలో నాటి పిట్టగోడపై పెట్టినది. అంత వానలోను ఆ కుండ పగులు గుండ నీరు కారిపోయి మొక్క నిక్షేపముగా నుండెను. మగ్గము ఆరి మరల పని మొదలైన తరువాత ఆమె ఆ కుండనే తెచ్చి అత్తగారి చేతిలో పెట్టినది. మాకు పెట్టు పసుపుకుంకుమలు కూడ వద్దన్నది.

2023 వేసవి బదిలీలలో మావారికి పెనుకొండ పడినది. ధర్మవరము నుండి ఇంచుమించు నలుబది కిలోమీటర్లు. గూడ్సు ఆటోలో సామాను, ఖాళీ తొట్టిలో వంటపాత్రలు, అత్తగారి ఒడిలో మల్లెకుండ. పెద్ద రోడ్డెక్కిన తరువాత ఎర్రమంచి యొద్ద కియా వారి కార్ల కర్మాగారము కనబడును. 2019లో అక్కడ నుండి మొదటి కార్లు వెలువడినవి. దానికి నెదురుగా, కొంత దూరమున, అన్ని రాజ్యములను చూచిన కొండ. 1565 నాటి యుద్ధమున విజయనగరము పాడైన పిమ్మట రాయలవారి రాజధాని పెనుకొండకే వచ్చినది. గగనమహలు నేటికిని నిలిచియున్నది. ఊరి కోటగోడలు, దర్గా, జైనుల బసదులు చూడవలసినవే. మేమవి చూచుటకు మూడు నెలలు పట్టినది. బడిపంతులు భార్యకు క్రొత్త యూర మొదట చూడవలసినవి కుళాయి వచ్చు వేళయు, పాలవాడి లెక్కయు.

పెనుకొండ గూర్చి మాకు మిక్కిలి నచ్చిన సంగతి రాజులది కాదు. 1388 నాటి శాసనమొకటి కలదు. పెనుకొండ నేలుచుండిన రాజకుమారుడగు బుక్కరాయలు, జలసూత్రములో నేర్పరియగు సింగాయభట్టును పిలిచి, హెన్నే నదిని, అనగా మన పెన్నను, పెనుకొండకు తెమ్మని యాజ్ఞాపించెనట. ఆతడు సిరువెర చెరువునకు కాలువ తీసెను. ఈ కథను మావారు రాత్రి భోజనముల వేళ చెప్పుచుండగా అత్తగారు మధ్యలో అడిగినది:

"కాలువ తెచ్చినాడు సరే. చెరువుకు మరువ యాడ పెట్టినాడంట?"

మరువ యనగా చెరువు నిండిన తరువాత మిగులు నీరు పొరలిపోవు చోటు. కోస్తావారు అలుగు అందురు. శాసనములో దాని ముచ్చట యున్నదో లేదో మావారికి జ్ఞాపకము లేదు. ఆమె మజ్జిగ కలుపుకొనుచు నెవరితోనో యన్నట్లు పలికినది: "మరువ లేకుండా చెరువు కట్టేటోడు యెవుడన్నా ఉంటాడా? కట్ట తెగి ఊరు మునుగుతాది." పిదప చేయి ఆగినది. కొంతసేపటికి, "మీ మామ ఉండింటే నాకు తొట్టి సంగతీ చెప్పుండు. రేపు చిల్లులు పెట్టించు తల్లీ" అన్నది.

ఈ పని చేయదలచు సోదరీమణులు మా తప్పులనైన నెరుగుట మేలు. వెల్డింగు పనివాడు గ్యాసుమంటతో క్షణములో చిల్లులు కోసిపెట్టెదననెను. మావారి బడిలోని సైన్సు మాస్టరు వలదనిరి. జింకు పూత మండినప్పుడు తెల్లని పొగ లేచును. దానిని పీల్చినవారికి చలిజ్వరము వచ్చును. కనుక డ్రిల్లు మిషనుతోనే వేయించితిమి. అరంగుళపు వెడల్పున, జానకొకటి చొప్పున అడుగునంతట పండ్రెండు. ప్రక్క రేకునకు అడుగు దగ్గర నాలుగు. ఇవి చాలవని తోచి, మేమే మరి నాలుగింటిని మేకుతోను సుత్తితోను బయటి నుండి కొట్టితిమి. అది తప్పు. రేకు లోపలికి లేచి ప్రతి చిల్లునకు చుట్టు గట్టు కట్టినది. ఆ గట్టు దాక నీరు నిలుచును. మేకుతో కొట్టదలచిన లోపలి నుండి బయటికే కొట్టవలెను. లేచిన అంచులను సుత్తితో అణచి సరిచేసికొంటిమి. చిల్లు పడినచోట పూత పోవును గనుక ఆ అంచులకు జింకు రంగు పూసితిమి. అటుపై మట్టి వేయక ముందు రెండు బిందెల నీళ్లు పోసి చూచితిమి. అత్తగారు క్రింద వంగి యే చిల్లు కారుచున్నదో, యేది కారుటలేదో చెప్పినది.

ఆ యింటి వాకిలి బండపరుపు. తొట్టిని బండపై బోర్లగా నానించి పెట్టిన చిల్లులు మూసికొనిపోవును. మూడు ఇటుకల నెత్తున నిలిపితిమి. చిల్లులపై దోమతెర గుడ్డ ముక్క, అంతే. మట్టి కారిపోకుండుటకు అది చాలును. మన్ను సంగతికి వచ్చిన, వట్టి ఎర్రమన్ను తొట్టిలో గట్టిపడి ఇటుక యగును. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు ముతక యిసుక, ఒక పాలు బాగుగా మాగిన గొర్రెయెరువు, మరియొక పాలు వేరుశనగ పొట్టు మ్రగ్గబెట్టినది. ఈ సీమలో గొర్రెయెరువునకును శనక్కాయ పొట్టునకును కొదువ లేదు. ఈ తొట్టి మూడువందల లీటర్ల మన్ను పట్టును. మిద్దెపై పెట్టదలచువారు ముందుగా ఆ యరటన్ను బరువును తలచుకొని, ఇల్లు కట్టిన మేస్త్రీ నడుగవలెను. ఇంటి యజమాని యడుగకముందే మనమడిగిన మర్యాద.

2024 ఏప్రిలు నెల మరియొక పాఠము చెప్పినది. మట్టికుండ వలె రేకు చల్లబడదు. పడమటి యెండ తగులు ప్రక్కను మధ్యాహ్నమందు చేయి పెట్టలేకపోతిమి. ఆ ప్రక్క కొమ్మలన్నియు వాడినవి. మన్ను కొంత తవ్వి, రేకునకును మట్టికిని నడుమ గోనెపట్టాలు రెండు మడతలు దింపితిమి. బయట పడమటి వైపున కలబంద కుండలు వరుసగా పేర్చితిమి. పైన పొట్టు పరచితిమి. జూనునకు తీగ తేరుకొన్నది. ఆ యేడు శ్రావణ శుక్రవారములన్నిటికి పూలు కొనలేదు.

2025 బదిలీలలో హిందూపురము వచ్చితిమి. సోమందేపల్లి మీదుగ ఈ దారియు నించుమించు నలుబది కిలోమీటర్లే. తీగను సగమునకు కత్తిరించి, వేరుమట్టితో గోనెలో కట్టి తెచ్చితిమి. తొట్టిలో ఈసారియు వంటపాత్రలే. చిల్లులలో నుండి పప్పుగరిటె కాడ బయటికి వచ్చి దారిపొడుగున టకటకలాడినది. హిందూపురము మా దృష్టిలో సందడి గల యూరు. పట్టుగూళ్ల మార్కెట్టు, చింతపండు మండీ, బెంగుళూరు పోవు రైళ్లు, కన్నడమును తెలుగును నొకే వాక్యములో మాటాడు పిల్లలు. వెనుకటి నుండి దీనికి నీటి యెద్దడి యూరని పేరు. 2016లో కృష్ణాజలములు హంద్రీ నీవా కాలువ వెంట పెనుకొండ దాపుననున్న గొల్లపల్లి జలాశయమునకు చేరినవి. శ్రీశైలము వెనుకనున్న నీరు ఇంత యెత్తునకు ఎక్కి వచ్చుట సింగాయభట్టు విన్నచో నేమనునో!

మా యింటి బోరు నీరు మాత్రము ఉప్పు. బిందె అడుగున తెల్లని పొర కట్టును. చిల్లులు లేని తొట్టిలో నీరెగసిపోయి ఉప్పంతయు మట్టిలోనే మిగులును. మేమిప్పుడు వాననీటిని డ్రమ్ములో పట్టి, నెలకొకసారి తొట్టిలో ధారాళముగా పోసి, క్రింది నుండి కారనిత్తుము. ఉప్పు ఆ నీటితో వెడలును. అత్తగారికి మొదట నిది కంటగింపుగానే యుండెను. ఇప్పుడు తానే ఇటుకల నడుమ ఒక పళ్లెరము పెట్టి, కారిన నీటిని పట్టి, ఉప్పునకోర్చు కొబ్బరిమొక్క మొదట పోయుచున్నది. కొబ్బరిమొక్క ఇంటి యజమానిది.

మొన్న ఉదయము ఎదురింటి గేదె త్రాడు తెంపుకొని వచ్చి ఆ పళ్లెరములోని నీళ్లు త్రాగి, తొట్టిలోనికి మూతి పెట్టి రెండు రెమ్మలు కొరికినది. మేము కఱ్ఱ తీసికొని పరుగెత్తితిమి. అత్తగారు వలదని చేయి చూపి, దాని నొసట నిమురుచు నిలుచుండెను. గేదెవారు వచ్చి తోలుకొనిపోవువరకు నిలుచుండెను.